13 గోల్స్‌ల 7 ఇద్దరు గిరిజన బిడ్డలవే



పోయిన వారం మా హాస్టల్ల క్విజ్ పెట్టుకున్నం. భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుల ఆడే తెలంగాణ అమ్మాయి ఎవరని అడిగితే ఒక్కరు కూడా చెప్పలే. నాకు కూడా మొన్నమొన్నటి దాకా తెల్వదు, అందుకే రాస్తున్న. ఆమె పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ.

సౌమ్య పుట్టింది 2001ల. ఆ రోజుల్ల మన దేవరకొండ దిక్కు తండాల పేర్లు పేపర్లల్ల ఎందుకొచ్చినయో ఇంట్ల పెద్దోళ్లను అడగండి. సాదలేక ఆడపిల్లలను అమ్ముకుంటున్నరని, దళారులు ఆ పసిపిల్లలను హైదరాబాద్ చేర్చి దత్తత పేరు మీద విదేశాలకు పంపుతున్నరని 1999ల ఒకసారి, 2001ల మళ్లొకసారి బయటపడ్డది. అదే ఈడు లంబాడా పిల్ల ఇంకొకామె 21 ఏండ్లకు తన కాళ్ల బలం మీద విమానం ఎక్కి యూరప్ పోయింది. ఈ రెండు సంగతులను నేను విడివిడిగా చదవలేకపోతున్న.

మొదలు ఆమె పరుగుపందెం పిల్ల. నిజామాబాద్‌ల కోచ్ గొట్టిపాటి నాగరాజు ఫుట్‌బాల్‌కు మళ్లించిండు. 2021ల సీనియర్ జట్టుకు ఆడింది. గోకులం కేరళ క్లబ్బుల ఉండి, 2022ల మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది. తిరిగొచ్చినంక ఈస్ట్ బెంగాల్‌కు ఆడి 2024–25ల ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడు దేశంల ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే. స్ట్రైకర్ అంటరు గానీ ఎక్కువగా పక్క లైన్ వెంబడి ఉరికొచ్చి లోపలికి దూరుతది. పరుగుపందెం అలవాటు ఎక్కడికి పోతది?

మన మహిళల జట్టు ఒకప్పుడు తక్కువదేం కాదు. 1980ల కాలికట్‌ల, 1983ల బ్యాంకాక్‌ల ఆసియా ఫైనల్ ఆడింది. తర్వాత పట్టించుకున్నోళ్లు లేరు. 2003 తర్వాత ఆసియా కప్‌కు దూరమైంది. 2022ల మన దేశంలనే కప్ పెడితే జట్టుల కరోనా వచ్చి మధ్యలనే తప్పుకోవాల్సి వచ్చింది.

అందుకే 2025 జూన్ 23 నాకు పెద్ద తారీఖు. థాయ్‌లాండ్‌ల చియాంగ్ మాయ్‌ల క్వాలిఫయర్ మొదటి మ్యాచ్, మంగోలియా మీద 13–0. అండ్ల 5 గోల్స్ ఒడిశా ఆదివాసీ అమ్మాయి ప్యారీ ఖాఖావి, 2 సౌమ్యవి. జులై 5న థాయ్‌లాండ్‌నే వాళ్ల గడ్డ మీద 2–1తో ఓడగొట్టి 2026 ఆస్ట్రేలియా ఆసియా కప్‌కు టికెట్ తెచ్చిన్రు. ఆ రోజు రెండు గోల్స్ సంగీతా బాస్‌ఫోర్‌వి. క్వాలిఫయర్లు ఆడి గెలిచి ఆసియా కప్‌కు పోవుడు మన జట్టుకు అదే మొదటిసారి.

మా గ్రౌండ్‌ల గోల్ పోస్టులున్నయ్, పొద్దుగూకితే అబ్బాయిలే ఆడుతరు. మాకు ఆరు గంటలకు గేటు పడ్తది. సెలవులకు తండాకు పోయినప్పుడు మంగోలియా మ్యాచ్ గోల్స్ ఫోన్ల పెట్టి మా యాడికి చూపించిన. బాల్ సంగతి ఆమెకు సమజ్ కాలే. "గుగులోత్ అంటే మనోళ్లేనాయె, ఎవరి బిడ్డ?" అని అడిగింది. చెప్పిన. చెయ్యి తుడుచుకొని, మళ్ల పెట్టుమన్నది.