చింతగింజలు, బియ్యప్పిండి, ఓ అరగంట: చిన్నారులకు ఇంట్లోనే ఆటల చదువు

శ్రీశైలం రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసేచోట ఉంది తుక్కుగూడ. ఒకవైపు శంషాబాద్ విమానాశ్రయం, మరోవైపు ఫ్యాబ్ సిటీ. ఇలాంటి చోట అబ్బా షిఫ్టు డ్యూటీకి పోతే, అమ్మీ వంట, కుట్టు మిషన్ పనిలో ఉంటుంది. మధ్యలో మూడు, నాలుగేళ్ల పిల్లాడు. ప్లేస్కూల్ ఫీజు భారమైన ఇళ్లలో వాడి చేతికి ముందుగా చేరేది ఫోనే. "నేను పెద్దగా చదువుకోలేదు, వీడికేం నేర్పిస్తా?" అని చాలామంది తల్లులు వెనకడుగు వేస్తారు.

అయితే ఆరేళ్ల లోపు పిల్లలకు కావాల్సింది పెద్ద చదువు కాదు. వేళ్లకు పట్టు రావాలి. కంటికి ఆకారాల తేడా తెలియాలి. నోటికి మాటలు రావాలి. ఈ మూడింటికీ వంటింటి సామాను సరిపోతుంది. పక్కన కూర్చుని మాట్లాడే పెద్దవాళ్లు ఒకరుంటే చాలు. ఆ పెద్దవాళ్లకు చదవడం, రాయడం రాకపోయినా ఇందులో సగం పనులు చేయించవచ్చు.

ఫోన్ ఎంతసేపు?

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు స్క్రీన్ ముందు కదలకుండా కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది లోపు పిల్లలకైతే అసలు వద్దంది. ఫోన్ లాక్కుంటే పిల్లలు ఏడుస్తారు. దాని బదులు చేతికి ఏదైనా పని ఇస్తే మెల్లగా మరిచిపోతారు.

వేళ్లకు బలం: పిండి ముద్ద

పెన్సిల్ పట్టుకోవాలంటే ముందు వేళ్లు గట్టిపడాలి. ఒక కప్పు మైదా, అర కప్పు ఉప్పు, చెంచా నూనె తీసుకుని, సుమారు అర కప్పు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపాలి. చిటికెడు పసుపు వేస్తే పసుపు రంగు, నీళ్ల బదులు బీట్‌రూట్ రసం పోస్తే గులాబీ రంగు వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులు వాడుకోవచ్చు. పాములు, లడ్డూలు, రొట్టెలు ఏవైనా చేయనివ్వండి. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

అది కూడా వద్దనుకుంటే పాత పేపర్ చాలు. సన్నటి పట్టీలుగా చింపడం, ఉండలు చుట్టడం, బట్టల క్లిప్పులు గిన్నె అంచుకు తగిలించడం, బఠానీలు వలవడం. ఇవన్నీ రాతకు ముందు చేయించాల్సిన పనులే.

అక్షరాలు: పడవలో చుక్కలు

తెలుగు మాట్లాడే ముస్లిం ఇళ్ల పిల్లలకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. బడిలో ఇంగ్లీషు, తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దీంతో చాలా ఇళ్లలో "ముందు బడి చదువు కానీ, ఉర్దూ తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది రాకుండానే పిల్లలు పెద్దవాళ్లవుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూనే చదవలేని వాళ్లు అలాగే తయారవుతున్నారు.

దీనికి ఓ తేలికైన ఆట ఉంది. ఉర్దూలో బే, పే, తే, టే, సే అక్షరాల ఒళ్లు ఒక్కటే, పడవ ఆకారం. పిండితో ఒక పడవ చేసి పెట్టండి. చుక్కలకు చింతగింజలు వాడండి. కింద ఒక గింజ పెడితే బే, మూడు పెడితే పే. పైన రెండు పెడితే తే, మూడు పెడితే సే. టేకు మాత్రం గింజల బదులు పైన చిన్న తోయ్ గుర్తు చేసి పెట్టాలి. గింజలు జరిపితే అక్షరం మారిపోతుంటే పిల్లలకు అదో తమాషా. జీమ్, చే, హే, ఖేలను కూడా ఇలాగే ఆడించవచ్చు.

తెలుగు అక్షరాలు గుండ్రటివి. పళ్లెంలో బియ్యప్పిండి పలచగా పరిచి చూపుడు వేలితో గీయిస్తే చెయ్యి తిరుగుతుంది. తప్పు పోతే పళ్లెం కదిపితే చాలు, చెరిపేసిన గుర్తు కూడా ఉండదు. పలక మీద గానీ పళ్లెం పక్కన గానీ ఎర్ర చుక్క పెట్టి రాత ఎక్కడ మొదలవుతుందో చూపించండి. తెలుగుకు ఎడమ పక్క, ఉర్దూకు కుడి పక్క. 'బ'తో బంతి, 'బే'తో బత్తక్ అని శబ్దం కలిపి చెబితే రెండు లిపుల్లోనూ ధ్వని ఒక్కటేనని వాళ్లకే అర్థమవుతుంది.

వేలితో తాకుతూ అక్షరం నేర్పే పద్ధతి కొత్తది కాదు. 1907లో రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల బస్తీలో మరియా మాంటిస్సోరి పిల్లల బడి తెరిచారు. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేళ్లు కదిలించి నేర్పడం ఆమె పద్ధతుల్లో ఒకటి. 1939లో ఆమె మద్రాసు వచ్చి ఇక్కడి టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు. నేడు ఖరీదైన బడుల బోర్డుల మీద కనిపించే ఆ పేరు నిజానికి కూలీల పిల్లల బడి నుంచి వచ్చింది.

లెక్కలు: గుడ్ల ట్రే, అష్టాచెమ్మా

ఖాళీ గుడ్ల ట్రే గుంటల్లో ఒకటి నుంచి పది వరకు అంకెలు రాసి, ఏ గుంటలో ఎన్ని గింజలో వేయమనండి. చీపురు పుల్లలు ముక్కలు చేసి పది చొప్పున రబ్బరు బ్యాండ్ వేస్తే పదులు, ఒకట్లు కళ్లముందే కనిపిస్తాయి.

ఐదారేళ్లు వస్తే నానీ, దాదీలు ఆడిన అష్టాచెమ్మా నేర్పవచ్చు. నేల మీద ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్లు గీయాలి. రెండు చింతగింజలు చీలిస్తే నాలుగు బద్దలు. నాలుగూ తెల్లవైపు పడితే నాలుగు, నాలుగూ నల్లవైపు పడితే ఎనిమిది. కూడిక, తన వంతు కోసం ఆగడం, ఓడినా ఏడవకపోవడం ఒకే ఆటలో వస్తాయి. దీనికి నానీకి చదువు రావాల్సిన పనే లేదు.

ఖాళీ సబ్బు డబ్బాలు, బిస్కెట్ ప్యాకెట్లతో కిరాణా కొట్టు పెట్టించండి. కాగితం నోట్లు పిల్లలే తయారు చేస్తారు. ఈద్‌కు వచ్చిన ఈదీని ఖర్చు, పొదుపు, సదఖా అని మూడు డబ్బాల్లో వేయిస్తే డబ్బు విలువ కూడా తెలుస్తుంది.

చెత్తలోంచి సైన్స్

ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అర్వింద్ గుప్తా దశాబ్దాలుగా పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పుతున్నారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తల గీకేసిన అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు కలిపి ఆకారాలు చేయడం ఆయన బాగా ప్రచారం చేసిన పని. త్రిభుజం నొక్కినా కదలదు, చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. ఇది ఆరేళ్లు దాటినవాళ్లకు బాగుంటుంది.

ఇంకొకటి: తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. దాని మీద సబ్బు నీటితో బొమ్మ గీస్తే ఎర్రగా మారుతుంది. నిమ్మరసం పూస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఈద్ కార్డు మీద ఇలా నెలవంక గీయిస్తే రంగులు కొనక్కర్లేదు.

ఉచితంగా దొరికేవి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య ఉచితం. అక్కడ ఏ ఆటలు ఆడిస్తున్నారో టీచర్‌ను అడిగి ఇంట్లోనూ ఆడించవచ్చు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వారి కోసం 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదూయీ పిటారా' పేరుతో ఆట సామగ్రి విడుదల చేసింది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు. ఫోన్ చేతిలో ఉండాల్సిందే అంటే, పిల్లాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఈ కథ చూపించడం మేలు.

జాగ్రత్తలు

మూడేళ్ల లోపు పిల్లలకు చింతగింజలు, పూసలు, నాణేలు ఇవ్వొద్దు. గొంతులో, ముక్కులో ఇరుక్కుంటాయి. వాళ్లకు పెద్ద మూతలు, గిన్నెలు ఇవ్వండి. బొమ్మల్లోని బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొన లేని కత్తెరే వాడాలి, అదీ పెద్దవాళ్ల ఎదుటే. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. జాగ్రత్తకు జాగ్రత్త, లెక్కకు లెక్క.

ఒకేరోజు అన్నీ అక్కర్లేదు. రోజుకొకటి, పిల్లాడికి విసుగు రాకముందే ఆపేయాలి. బొమ్మ వంకరగా వచ్చినా దిద్దొద్దు. గోడకు దారం కట్టి, బట్టల క్లిప్పుతో తగిలించండి. డ్యూటీ నుంచి వచ్చిన అబ్బాకు అది ఎలా చేశాడో వాడే చెప్తాడు. అలా చెప్పడం కూడా చదువే.