శాంతిపురం ప్రాంతంలో గ్రావెల్ తవ్వకం: అనుమతులు, భూగర్భ జలాల పరిశీలన

శాంతిపురం చిత్తూరు జిల్లా కుప్పం నియోజకవర్గంలోని మండలం. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరి వెళ్లే 42వ జాతీయ రహదారి దీని గుండా పోతుంది. ఈ ప్రాంతంలో గ్రావెల్ అంటే ఏటి గులకరాళ్లు కావు. నైస్, గ్రానైట్ రాళ్లు యుగాల తరబడి ఎండకూ వానకూ చివికి ఏర్పడిన ఎర్రటి గరుసునే గ్రావెల్ అంటారు, మొరం అని కూడా పిలుస్తారు. రోడ్ల కింద పరుపుకు, ఇళ్ల పునాదులు నింపడానికి, లేఅవుట్ల చదునుకు ఇదే కావాలి. హంద్రీ-నీవా కుప్పం బ్రాంచి కాలువ, పక్కనున్న వి.కోట మీదుగా సాగే బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పనులకు కట్టమట్టి టిప్పర్ల కొద్దీ పడుతుంది.

ఇక్కడి అడుగు రాయి గట్టిది, దానంతటది నీటిని పట్టి ఉంచలేదు. వాన నీరు నిలిచేది పైనున్న ఈ గరుసు పొరలోనే. అక్కడి నుంచే రాతి పగుళ్లలోకి దిగి బోర్లకు అందుతుంది. ఒకప్పటి దిగుడు బావులు ఈ పొరలోనే ఊరేవి. ఇప్పుడు బోర్లు వందల అడుగులు దిగాయి కాబట్టి గ్రావెల్ గుంత అడుగు పొడిగానే కనిపిస్తుంది. దరఖాస్తులో ‘నీటిమట్టం తగలదు’ అని రాస్తే అబద్ధమేమీ కాదు. కానీ తవ్వి తీసుకుపోయేది నీటిని దాచి పెట్టే పొరనే. అనుమతుల కాగితాల్లో ఈ విషయానికి దక్కే చోటు చాలా తక్కువ.

1957 నాటి గనులు, ఖనిజాల చట్టం గ్రావెల్‌ను చిన్న తరహా ఖనిజంగా లెక్కించి, 15వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి చిన్న తరహా ఖనిజాల నియమావళి అమల్లో ఉంది. లీజు, సీనరేజి (ఖనిజంపై రుసుము) వసూలు, రవాణా పర్మిట్లు గనులు, భూగర్భ శాఖ పని. భూమి పట్టాదా, ప్రభుత్వం పంచిన డీకేటీదా, చెరువు పొరంబోకా అని తేల్చాల్సింది తహసీల్దారు. కుప్పం-పలమనేరు వైపు ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం ఉంది. అభయారణ్యాల లోపలా, వాటి సరిహద్దు నుంచి కిలోమీటరు దాకా గనుల తవ్వకం కుదరదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది కనుక అటువైపు సర్వే నంబర్లకు అటవీ శాఖ మాట కీలకం.

5 హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది 2012 ఫిబ్రవరి 27న, దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశంతో. విడివిడిగా చిన్నవైనా, 500 మీటర్ల లోపు దగ్గర దగ్గరగా ఉన్న లీజులు కలిపి 5 హెక్టార్లు దాటితే ప్రభావ అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వకాన్ని కేంద్రం 2020 మార్చిలో ఈ అనుమతి నుంచి మినహాయించింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. వీటికి తోడు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావాలి. దుమ్ము అణచడానికి కొత్త బోరు వేస్తే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రజా తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయరాదు.

పర్యావరణ అనుమతిలో సాధారణంగా ఉండే షరతు ప్రకారం చుట్టుపక్కల నీటిమట్టాన్నీ నాణ్యతనూ ఏటా నాలుగుసార్లు చూడాలి: వానలకు ముందు ఏప్రిల్-మే, ఆగస్టు, నవంబరు, జనవరి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే ఈ ప్రాంతంలో నవంబరు కొలత ముఖ్యం. పరిశీలన బోరును పీజోమీటర్ అంటారు. దానికి మోటారు ఉండదు, లోపలి నీటి లోతును టేపుతోనో, తనంతట తాను నమోదు చేసే పరికరంతోనో చూస్తారు.

పొరపాట్లు దొర్లేది ఇక్కడే. రైతు బోరులో కరెంటు వచ్చి మోటారు నడుస్తుండగా టేపు వేస్తే తెలిసేది దిగజారిన మట్టం, అసలు మట్టం కాదు. మోటారు ఆపి, నీరు తేరుకునే దాకా ఆగాలి. నేల మీదికి పొడుచుకొచ్చిన కేసింగ్ పైపు ఎత్తును తీసేయాలి. రెండు బోర్లలోనూ నీరు 30 మీటర్ల లోతులోనే ఉన్నా, ఒకటి గుట్ట మొదట్లో, ఇంకొకటి చెరువు కింద ఉంటే ఆ ముప్పైలు సమానం కావు. అందుకే ప్రతి బోరు దగ్గర నేల ఎత్తును సముద్రమట్టం నుంచి లెక్కకట్టి, అందులోంచి నీటి లోతును తీసేసి, గుంత అడుగుతో పోల్చాలి. తవ్వకం మొదలు కాకముందు కనీసం ఒక ఏడాది కొలతలు లేకపోతే, తర్వాత మట్టం పడిపోయినప్పుడు కారణం కరువా, పక్క బోరా, గుంతా అని తేల్చడం కష్టం. గుంత ప్రభావం చేరని చోట, ఎగువన ఒక పోలిక బోరు ఉంటే వివాదం సగం తగ్గుతుంది.

అనుమతి పొందినవారు షరతుల అమలుపై ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు నివేదికలు పంపాలి. ఇవి ప్రజలు చూడదగ్గ పత్రాలే, గ్రామసభలో అడిగేవారే అరుదు. అనుమతి లేని తవ్వకానికి గనుల చట్టపు 2015 సవరణ ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు రూ.5 లక్షల దాకా జరిమానా పడవచ్చు.

లీజు ముగిశాక అంచులను వాలుగా చదును చేసి, పక్కన దాచిన పైమట్టిని తిరిగి పరవాలి. గుంతను ఇంకుడు చెరువుగా మార్చాలంటే వచ్చే నీటిలోని ఒండ్రు ముందే తేరుకునేలా చిన్న గుంట ఉండాలి, లేకపోతే అడుగు పూడుకుపోయి నీరు ఇంకదు. అలాంటి గుంతలో కోళ్ల ఫారాల వ్యర్థాలు, చెత్త పోయడం మరీ ప్రమాదం. వడగట్టే గరుసు పొర అప్పటికే పోయింది కాబట్టి ఆ మురికి నేరుగా రాతి పగుళ్లలోకి దిగుతుంది.