కొత్తగా ట్రాక్టర్ ట్రాలీ కొన్నారా? లాగడం కంటే ఆపడం నేర్వాలి

వరి కోతలైనా, పత్తి ఏరివేతైనా, చెరకు నరికివేతైనా పంట ఇంటికి చేరాలంటే పల్లెల్లో ట్రాక్టర్ ట్రాలీయే ఆధారం. కొన్ని ప్రాంతాల్లో ట్రక్కు అని, మరికొన్ని చోట్ల తొట్టి అని పిలిచే ఈ బండి ఎడ్లబండి స్థానాన్ని ఎప్పుడో ఆక్రమించింది. ట్రాక్టర్ కొనేటప్పుడు అశ్వశక్తి ఎంత, డీజిల్ ఎంత తాగుతుంది, ఎన్ని బస్తాలు లాగుతుంది అని పది మందిని విచారించే రైతు, నిండు బరువుతో వెళ్తున్న బండి ఎంత దూరంలో ఆగుతుందని అడగడం అరుదు. చాలా ప్రమాదాలకు మూలం అక్కడే ఉంది.

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాల్వలో పడి 9 మంది మహిళలు మృత్యువాత పడ్డారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ వద్ద ట్రాలీ మూసీ కాల్వలోకి బోల్తా పడటంతో 15 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు ఘటనల్లోనూ మృతుల్లో అత్యధికులు పొద్దున్నే పొలం పనులకు బయలుదేరిన మహిళా కూలీలే. కొత్తగా ట్రాలీ సమకూర్చుకున్న యజమాని మొదటి సీజన్‌లోనే తెలుసుకోవలసిన అంశాలు ఇవి.

పత్రాలు పక్కాగా ఉండాలి

ట్రాక్టర్‌కు రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, ట్రాలీకి అక్కర్లేదన్నది పల్లెల్లో పాతుకుపోయిన అపోహ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, వెనుక నంబరు ప్లేటు ఉండాలి.

ట్రాలీలను చాలాచోట్ల స్థానిక వర్క్‌షాపుల్లోనే తయారు చేయించుకుంటారు. బయానా ఇచ్చే ముందే, ఆ వర్క్‌షాపులో చేసిన ట్రాలీలకు రిజిస్ట్రేషన్ అవుతున్నదీ లేనిదీ ప్రాంతీయ రవాణా కార్యాలయంలో విచారించుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20 దరఖాస్తుతో పాటు విక్రయ ధ్రువపత్రమైన ఫారం 21, వాహనం రోడ్డుకు తగినదని తెలిపే ఫారం 22, బీమా పత్రం అవసరం. బ్యాంకు రుణంతో కొన్నవారు అప్పు తీరిన వెంటనే ఫారం 35 ద్వారా రిజిస్ట్రేషన్ పత్రంలో బ్యాంకు పేరు తొలగించుకోవాలి. లేకుంటే అమ్మేటప్పుడు చిక్కులు తప్పవు.

వ్యవసాయ ట్రాక్టర్‌గా నమోదైన వాహనం వ్యవసాయ అవసరాలకే పరిమితం. ఇటుకలు, ఇసుక, కంకర కిరాయికి తోలాలనుకుంటే పన్ను, బీమా నిబంధనలు మారిపోతాయి. ముందుగా రవాణా అధికారులను సంప్రదించి అందుకు తగిన విధంగా నమోదు చేయించుకోవడం శ్రేయస్కరం.

లైసెన్సు ఎవరికి?

ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టర్ తేలికపాటి మోటారు వాహనాల కోవలోకి వస్తుంది. ట్రాక్టర్ నడిపే లైసెన్సు ఉన్న వ్యక్తి దానికి ట్రైలర్ తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో స్పష్టం చేసింది.

అయితే అసలు లైసెన్సే లేని కుర్రవాళ్ల చేతికి తాళాలు ఇవ్వడం పల్లెల్లో మామూలైపోయింది. పొలం దాకానే కదా అనుకోవడం ప్రమాదకరం. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే తండ్రి లేదా సంరక్షకుడు, వాహన యజమాని బాధ్యులవుతారు. 3 సంవత్సరాల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానాతో పాటు వాహన రిజిస్ట్రేషన్‌ను 12 నెలలు రద్దు చేసే వీలుంది. జీతానికి డ్రైవర్‌ను పెట్టుకునేవారు అతని లైసెన్సును స్వయంగా చూసి, గడువు తేదీ సరిచూసుకోవాలి.

జోడింపులో పిన్నే ప్రాణం

ట్రాక్టర్‌ను, ట్రాలీని కలిపి ఉంచేది ఒకే ఒక్క ఇనుప పిన్ను. అది పైకి ఎగిరి ఊడిపోకుండా కింద లాక్ పిన్ను తప్పనిసరిగా వేయాలి. లాక్ పిన్నుకు బదులు తీగ చుట్టడం, మేకు దూర్చడం పనికిరాదు. అరిగి సన్నబడిన పిన్నును, సాగిన హుక్కును వెంటనే మార్చాలి. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండా ఒక గట్టి గొలుసు అదనంగా వేసుకోవడం మంచిది.

ట్రాలీని ఎప్పుడూ ట్రాక్టర్ వెనుక కింది భాగంలో ఉండే హుక్కుకే తగిలించాలి. వెనుక ఇరుసు కంటే ఎత్తులో, పై లింకు వద్ద కట్టి లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. బురదలో దిగబడిన ట్రాలీని లాగేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది.

తగిలించేటప్పుడు ట్రాక్టర్ వెనక్కి వస్తుండగా మధ్యలో మనిషి నిలబడరాదు. ట్రాక్టర్ పూర్తిగా ఆగి, హ్యాండ్ బ్రేకు వేశాకే పిన్ను వేసే వ్యక్తి లోపలికి రావాలి. విడదీసే ముందు ట్రాలీ చక్రాలకు రాళ్లు లేదా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి.

బరువు లెక్క తెలియాలి

సుమారు 45 అశ్వశక్తి ట్రాక్టర్ బరువు 2 టన్నుల అటూఇటూ ఉంటుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే ట్రాలీలో సరుకే 4.5 టన్నులు. 100 ఘనపుటడుగుల ఇసుక కూడా దాదాపు అంతే తూగుతుంది, తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. అంటే ట్రాక్టర్ తనకంటే రెట్టింపు బరువును వెంట తీసుకెళ్తున్నదన్న మాట. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ఆ భారమంతటినీ ఆపవలసింది ట్రాక్టర్ వెనుక చక్రాల బ్రేకులే.

రెండు చక్రాల ట్రాలీలో బరువు ఎక్కడ పడుతున్నదన్నది కీలకం. సరుకు వెనుకకు ఎక్కువైతే ట్రాలీ ముందు భాగం పైకి లేచి ట్రాక్టర్ వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. ముందుకు మరీ ఎక్కువైతే హుక్కుపై భారం పడి ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. బరువును ఇరుసు మీదుగా, కొద్దిగా ముందుకు ఉండేలా సర్దుకోవాలి. దించేటప్పుడు కూడా ముందు భాగం నుంచే ఖాళీ చేస్తూ పోతే ట్రాలీ ఒక్కసారిగా వెనక్కి ఒరిగే ప్రమాదం ఉంది.

వరిగడ్డి, పత్తి వంటివి తేలికే అయినా ఎత్తుగా పేరుస్తారు. ఎత్తు పెరిగే కొద్దీ మలుపులో బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. దారిలో విద్యుత్ తీగలకు తగిలి గడ్డి అంటుకునే ప్రమాదమూ ఉంటుంది.

బ్రేకు పెడళ్లు రెండూ కలపాలి

ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. దుక్కిలో మలుపు తిప్పడానికి ఈ ఏర్పాటు. పొలం నుంచి రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపే లాకు వేయడం మరిస్తే, ఆపబోయినప్పుడు ఒక చక్రమే పట్టి బండి పక్కకు దూసుకుపోతుంది. కాల్వగట్టుపై ఇలా జరిగితే ఫలితం చెప్పనక్కర్లేదు.

వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. వాన పడి తడిసిన రోడ్డుపైనా, దమ్ము చేసిన మడి నుంచి బురద అంటిన చక్రాలతో వెళ్లేటప్పుడూ ఇంకా పెరుగుతుంది.

చెరువుకట్ట దిగుడు, కాల్వ ర్యాంపు, ఘాట్ దారుల్లో డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదలడం, క్లచ్ తొక్కి ఉంచడం ఆత్మహత్యా సదృశం. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు వాడాలి. దిగుడు మొదలు కాకముందే గేరు మార్చుకోవాలి. పల్లంలో ట్రాలీ ట్రాక్టర్‌ను వెనుక నుంచి నెడుతుంది. ఆ సమయంలో గట్టిగా బ్రేకు వేస్తే ట్రాలీ పక్కకు మడత పడి రెండూ కలిసి బోల్తా కొడతాయి.

వెనక్కి నడపడం.. సాధనతోనే

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది రివర్సు. రెండు చక్రాల ట్రాలీ వెనుక భాగం ఎడమకు వెళ్లాలంటే స్టీరింగ్‌ను కుడికి తిప్పాలి, కుడికి వెళ్లాలంటే ఎడమకు తిప్పాలి. ట్రాలీ తిరగడం మొదలవగానే స్టీరింగ్‌ను తిరిగి సరిచేయాలి. కొద్దికొద్దిగా, నిదానంగా తిప్పడమే ఇందులోని కిటుకు. ట్రాలీ మరీ మడత పడితే మొండిగా వెనక్కి నెట్టక, ముందుకు తీసుకెళ్లి వరసలోకి తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

ముందు ఇరుసు తిరిగే నాలుగు చక్రాల ట్రాలీకి రెండుచోట్ల మలుపు ఉంటుంది కాబట్టి వెనక్కి నడపడం మరింత కష్టం. సాధ్యమైనంత వరకు ముందుకే వెళ్లి తిరిగి వచ్చే చోటు చూసుకోవాలి. కోసిన ఖాళీ పొలంలో రెండు కర్రలు పాతి, ఖాళీ ట్రాలీతో వాటి మధ్యకు వెనక్కి తేవడం రోజూ కొంతసేపు సాధన చేస్తే వారం పది రోజుల్లో చేయి అలవాటు పడుతుంది. దారి చూపే మనిషి డ్రైవర్‌కు కనిపించేలా పక్కగా నిలవాలి తప్ప ట్రాలీ వెనుక నిలవరాదు.

మలుపుల్లో మరో సంగతి గుర్తుంచుకోవాలి. ట్రాక్టర్ వెళ్లిన దారిలో ట్రాలీ చక్రాలు రావు, లోపలి వైపునకు కోసుకుంటూ వస్తాయి. ఇరుకు సందుల్లో, పిట్టగోడ లేని తూముల వద్ద వెడల్పుగా తిప్పకపోతే చక్రం గుంతలోకి జారుతుంది.

హైడ్రాలిక్ ట్రాలీ ఎత్తేటప్పుడు

సరుకు దించడానికి ట్రాలీ ఎత్తే ముందు నేల సమంగా, గట్టిగా ఉన్నదో లేదో, పైన విద్యుత్ తీగలు ఉన్నాయో చూడాలి. ఒకవైపు దిగబడిన నేలపై ఎత్తితే ట్రాలీ పక్కకు ఒరిగిపోతుంది. ఎత్తిన ట్రాలీతో బండి కదిలించరాదు. మరమ్మతు కోసం కిందికి వెళ్లవలసి వస్తే ముందు బలమైన ఊతం పెట్టాలి. జాకీని, నూనె గొట్టాన్ని మాత్రమే నమ్మి ఎత్తిన తొట్టి కింద తల పెట్టరాదు.

రాత్రివేళ కనిపించేలా

సీజన్‌లో ధాన్యం, చెరకు ట్రాలీలు చీకటి పడ్డాకే ఎక్కువగా రోడ్డెక్కుతాయి. వెనుక లైటు వెలగని ట్రాలీని చివరి క్షణం వరకు గుర్తించలేక ద్విచక్ర వాహనదారులు ఢీకొంటున్నారు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు రంగు రిఫ్లెక్టివ్ టేపు అంటించాలి. వెనుక లైట్లు, ఇండికేటర్ల తీగను ట్రాలీ తగిలించిన ప్రతిసారీ కలిపి చూసుకోవాలి. చెరకు గడలు, గడ్డి వెనుక లైట్లను కప్పేస్తే చివరన విడిగా ఎర్ర లైటు కట్టాలి. చెడిపోయి రోడ్డుపై ఆగితే మార్జిన్‌లోకి తీసి, కొంత దూరం ముందే హెచ్చరిక త్రిభుజం పెట్టాలి. రాళ్లు పేర్చి, వెళ్లేటప్పుడు వాటిని రోడ్డుపైనే వదిలేయడం మరో ప్రమాదానికి తావిస్తుంది.

మనుషులను ఎక్కించరాదు

ట్రాక్టర్‌పై ఉన్నది డ్రైవర్‌కు ఒక్క సీటే. మడ్‌గార్డులపై కూర్చోవడం, హుక్కు వద్ద నిలబడటం అత్యంత ప్రమాదకరం. జారితే పడేది చక్రాల కిందే. ట్రాలీ సరుకు కోసం తయారైనది. అందులో పట్టుకోవడానికి ఆధారం ఉండదు, పక్క పలకలు మనిషి బరువును ఆపలేవు. బోల్తా పడితే ఇనుప తొట్టి మొత్తం మీద పడుతుంది. కాల్వలో అయితే బయటపడే దారే ఉండదు.

ఇది కేవలం ప్రాణాల సంగతే కాదు. సరుకు వాహనంలో ఉచితంగా ప్రయాణించేవారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థపై ఉండదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తీర్పునిచ్చింది. ఇటువంటి ప్రమాదాల్లో పరిహారం యజమాని మీదే పడే అవకాశం ఎక్కువ. ట్రాలీ కోసం ఎకరం తాకట్టు పెట్టిన రైతు, ఒక్క ప్రమాదంతో ఉన్న భూమీ కోల్పోయే పరిస్థితి రావచ్చు. జాతరలు, పెళ్లిళ్లు, నిమజ్జనాలకు బండి అడిగితే మొహమాటం లేకుండా కాదనాలి. కూలీలను పొలానికి చేర్చే బాధ్యత తీసుకున్న రైతులు అందరూ కలిసి ప్రయాణికుల వాహనం మాట్లాడుకుంటే ఒక్కొక్కరిపై పడే భారం తక్కువే.

సంరక్షణ ఇలా

కొత్త ట్రాలీకి మొదటి కొన్ని లోడుల తర్వాత చక్రాల నట్లు వదులవుతాయి. ప్రతి లోడు తర్వాత బిగించి చూడాలి. ఇరుసు చివర బేరింగులకు, హుక్కుకు క్రమం తప్పక గ్రీజు పెట్టాలి. దూరం వెళ్లి ఆగినప్పుడు చక్రం మధ్య భాగానికి చేయి దగ్గరగా పెట్టి చూస్తే బేరింగు సంగతి తెలుస్తుంది. ఒకటి మిగతా వాటికంటే ఎక్కువగా వేడెక్కితే మెకానిక్‌కు చూపాలి. వాడేసిన లారీ టైర్లు చవగ్గా వస్తాయని వేయించుకునేవారు పగుళ్లు, ఉబ్బులు ఉన్నవాటిని తీసుకోరాదు. బరువు మీద ఒక టైరు పగిలితే ట్రాలీ ఆ వైపునకే ఒరుగుతుంది. సీజన్ ముగిశాక తొట్టిలోని ఎరువు, ఉప్పు, మట్టి కడిగి, తుప్పు గీకి రంగు వేయిస్తే పలక ఎక్కువ కాలం మన్నుతుంది.

బయలుదేరే ముందు..

* పిన్ను, లాక్ పిన్ను, గొలుసు సరిగా ఉన్నాయా?
* బ్రేకు పెడళ్లు రెండూ కలిపారా?
* టైర్లలో గాలి, చక్రాల నట్లు చూశారా?
* వెనుక తలుపు కొక్కేలు పడ్డాయా? సరుకును తాడుతో బిగించి కట్టారా?
* వెనుక లైట్లు వెలుగుతున్నాయా?
* లైసెన్సు, రెండు రిజిస్ట్రేషన్ పత్రాలు, బీమా వెంట ఉన్నాయా?
* మడ్‌గార్డుపైన, ట్రాలీలోన మనుషులు ఎవరూ లేరు కదా?

ఈ ఏడు ప్రశ్నలకు సమాధానం చూసుకోవడానికి 5 నిమిషాలు చాలు. చివరి ప్రశ్న దగ్గర తేడా ఉంటే మాత్రం మిగతా ఆరూ సరిగా ఉన్నా బండి కదిలించరాదు.