లంఘనమూ పథ్యమూ: పసిబిడ్డ గంజిగిన్నె చరిత్ర

పసిబిడ్డకు కడుపు పాడైనప్పుడు మన ఇళ్ళలో తప్పక వినిపించే సామెత "లంఖణం పరమౌషధం". పెద్దవాళ్ళకు ఒకపూట అజీర్తి చేసినప్పుడు ఈ మాట వల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఏడాదిన్నర బిడ్డ నాలుగు రోజులు విరేచనాలతో నలిగి, కళ్ళు లోపలికి పోయి, ఎత్తుకుంటే చేతికి ఎముకలు తగులుతున్నప్పుడు కూడా అదే సామెత వల్లించి గిన్నె పక్కకు జరిపే ఇళ్ళు ఉన్నాయి. దానికి తోడు బిడ్డ కూడా ఏది పెట్టినా మూతి తిప్పుకుంటాడు. "వాడికే వద్దట, మనమెందుకు పెట్టడం" అని ఇంటిల్లిపాదీ సమాధానపడతారు. ఈ సామెతకు మూలమేమిటి, ఆ మూలంలో దాని అర్థమేమిటి, వైద్యశాస్త్రం ఈ విషయంలో ఏ ఏ దారులు తొక్కింది అన్న సంగతులు ఒకచోట చేర్చి వ్రాయవలెనని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను వైద్యుణ్ణి కాను, బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. కనుక మాటతోనే మొదలుపెడతాను.

వాడుకలో లంఖణం అంటున్నాం గాని సంస్కృత రూపం లంఘనం. కడుపు మాడ్చుకోవడమే దాని అర్థమని మనవాళ్ళ నమ్మకం. చరకసంహిత సూత్రస్థానం ఇరవైరెండవ అధ్యాయంలో దీనికి నిర్వచనం ఉంది. శరీరానికి లాఘవం, అంటే తేలికదనం, కలిగించేది ఏదైనా లంఘనమే. అది పది విధాలు: శోధనక్రియలు నాలుగు, దప్పికను ఓర్చుకోవడం, గాలి, ఎండ, పాచనద్రవ్యాలు, ఉపవాసం, వ్యాయామం. ఈ పదింటిలో ఉపవాసం ఒకటి మాత్రమే. జ్వరం తొలినాళ్ళలో లంఘనం విధించిన ఆ గ్రంథమే, అది ముగియగానే ఔషధాలతో కాచిన జావలు ఇమ్మంటుంది; జ్వరం మెత్తబడేదాకా గాని, ఆరు రోజుల పాటు గాని వాటితోనే నడపమంటుంది. జ్వరచికిత్స చెప్పిన ఆయుర్వేద గ్రంథాలు లంఘనం నుండి బాలురను, వృద్ధులను, గర్భిణులను, దుర్బలులను మినహాయించాయి. సామెత మాత్రం ఆ మినహాయింపులను వెంట తెచ్చుకోలేదు. సామెతలకు అంత తీరిక ఉండదు.

ఇక గంజి సంగతి. సుశ్రుతుడు జావలను మెతుకును బట్టి విభజించాడు. మెతుకు బొత్తిగా లేని తేట మండం. అక్కడక్కడ మెతుకు తగిలేది పేయ. మెతుకు మిక్కిలిగా ఉండేది విలేపి. సంస్కృతంలో మెతుకుకు 'సిక్థం' అని పేరు. శోధన చికిత్సతో నీరసించినవానికి మొదట పేయ, పిమ్మట విలేపి, ఆ తరువాత పెసలు మొదలైన పప్పుధాన్యాల కట్టు, చివరకు మాంసరసం అనే మెట్లవరుసను చరకసంహిత సిద్ధిస్థానం నిర్దేశించింది. దీనికి సంసర్జన క్రమమని పేరు. అక్కడ చెప్పిన ఉపమానం మన పొయ్యి దగ్గరదే: నిప్పుకణికకు మొదట గడ్డిపరకలు, పిడకముక్కలు అందించి పెంచినట్లు, జఠరాగ్నిని కొంచెం కొంచెంగా పెంచాలి. మొద్దు పెడితే కణిక ఆరిపోతుంది. ఏమీ పెట్టకపోయినా ఆరిపోతుంది. ఈ రెండవ సగాన్ని మనం మరచిపోయాం.

గంజికి మన దేశంలో ఉన్న గౌరవం వైద్యగ్రంథాలతో ఆగలేదు. బౌద్ధుల వినయపిటకం మహావగ్గంలో బుద్ధుడు జావకు పది గుణాలు చెప్పాడు. ఆయుస్సు, బలం ఇవ్వడం, ఆకలిదప్పులు తీర్చడం, వాతాన్ని సరిచేయడం వాటిలో కొన్ని. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా 1563లో అచ్చువేసిన గ్రంథంలో, ఇక్కడివారు కలరా రోగికి మిరియాలు, జీలకర్ర వేసిన బియ్యపు నీరు త్రాగిస్తారని, దానిని 'కంజె' అంటారని వ్రాసుకున్నాడు. మన గంజికి అది తోబుట్టువని వేరే చెప్పనక్కరలేదు. మిరియాలు, జీలకర్ర అన్నప్పుడు మన ఇళ్ళలో జబ్బుపడి లేచినవారికి పోసే చారు గుర్తుకు రాక మానదు.

మరి పాశ్చాత్య వైద్యం ఏమన్నది? ఇరవయ్యవ శతాబ్ది తొలి సగంలో ఐరోపా, అమెరికా ఆసుపత్రులలో విరేచనాల బిడ్డకు ప్రేవులకు విశ్రాంతి ఇవ్వాలన్న వాదం బలంగా ఉండేది. ఒక రోజు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, ఆహారం ఆపి తరువాత బహు మెల్లగా మొదలుపెట్టేవారు. దీనికి భిన్నమైన ప్రయత్నాలూ జరిగాయి. జర్మనీలో ఎర్నెస్ట్ మోరో అనే శిశువైద్యుడు 1908లో కారెట్ సూపు పెట్టి బిడ్డలను కోలుకునేటట్లు చేశాడు. 1948లో అమెరికా వైద్యులు తొలినుండీ తిండి పెట్టిన శిశువులను, పస్తుంచిన శిశువులను పోల్చి చూశారు. తిండి పెట్టినవారికి విరేచనం పరిమాణం ఎక్కువైనా, ఒంటికి పట్టింది కూడా ఎక్కువేనని, జబ్బు ముదరలేదని తేలింది. అయినా పస్తు అలవాటు చాలాకాలం పోలేదు. ఆ విధంగా మన సామెతకు ఇంగ్లీషు చదువు కూడా సాక్ష్యం పలికినట్లయింది. పల్లెలో పెద్దమ్మా లంఖణమే అన్నది, పట్నం డాక్టరూ కొన్నాళ్ళు అదే అన్నాడు. ఇద్దరి మధ్య బిడ్డ ఎండిపోయింది.

మలుపు నీటి దగ్గర వచ్చింది. ప్రేవుల గోడలో ఉప్పులోని సోడియమూ గ్లూకోజూ జోడుగా లోపలికి ప్రవేశిస్తాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. ఆ జోడు వెంట నీరు వెళుతుంది. విరేచనాలవుతున్నప్పుడు కూడా ఈ ద్వారం మూసుకుపోదు. దీని ఆధారంగా 1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ కాష్ నోటిద్వారా ఇచ్చే ద్రావణంతో కలరా రోగులను నిలబెట్టవచ్చునని చూపారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లోని శరణార్థుల ఆసుపత్రిలో కలరా విజృంభించింది. సూదిద్వారా ఎక్కించే సెలైను చాలని స్థితి. అప్పుడు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా ఉప్పు లెక్కన పొట్లాలు కట్టించి, రోగుల బంధువుల చేతనే త్రాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగుకు లోపుగా దిగాయి. 1978లో లాన్సెట్ పత్రిక ఈ కిటుకును శతాబ్దంలోనే అతిముఖ్యమైన వైద్యఫలితం కాదగినదని సంపాదకీయం వ్రాసింది. మహలనబిస్ 2022లో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

తరువాతి అడుగు మన గంజి వైపే పడింది. గ్లూకోజు బదులు బియ్యపు పిండి వేస్తే ఎట్లా ఉంటుందని కలకత్తాలోనూ ఢాకాలోనూ పరీక్షించి 1982లో ఫలితాలు ప్రకటించారు. పిండిపదార్థం ప్రేవులలో నెమ్మదిగా గ్లూకోజుగా మారుతూ నీటిని వెంట తీసుకుపోతుంది. కలరాలో ఇది విరేచనాలను బాగా తగ్గించింది. మామూలు విరేచనాలలో, నేడు వాడే పలుచని ద్రావణంతో పోలిస్తే పెద్ద తేడా లేదని తరువాతి పరిశోధనలు చెప్పాయి. అతిశయోక్తి లేకుండా ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఒక ఉపాధ్యాయుడుగా నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుండి 1990 వరకు చేసిన పని. గ్రామసేవికలు కోటికి పైగా ఇళ్ళు తిరిగి, అరసేరు నీటిలో మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం కలపడం తల్లుల చేతనే చేయించి నేర్పారు. కొన్నాళ్ళకు పరీక్షకులు వచ్చి తల్లులను ప్రశ్నించేవారు. వారికి ఎంత గుర్తుంటే సేవికకు అంత జీతం. పాఠం చెప్పామా లేదా అన్నది కాక, విన్నవారికి ఎంత మిగిలింది అన్నది కొలత. మా శాఖలో ఇటువంటి నిబంధన ఉంటే ఎన్ని జీతాలు కోతపడేవో!

అదే దశాబ్దంలో నేనొక పల్లెటూరి ఉన్నతపాఠశాలలో పనిచేస్తున్నాను. ఆరవ తరగతి కుర్రవాడొకడు వారం రోజులు బడికి రాక, వచ్చిన రోజున కారణం అడిగితే "మా చెల్లి పోయిందండీ" అన్నాడు. రెండేళ్ళ పిల్ల. మూడు రోజులు విరేచనాలు. "నీళ్ళు పడితే మళ్ళీ అవుతాయని పట్టలేదండీ" అని వాడు, పాఠం అప్పగించినంత మామూలుగా చెప్పాడు. ఆ ఇంట్లో ఉప్పు ఉంది, బెల్లం ఉంది, బియ్యం ఉన్నాయి. రోజూ వార్చిన గంజి పశువుల కుడితితొట్టిలోకి పోతూనే ఉంది. ఆ తల్లికి బిడ్డ మీద ప్రేమ తక్కువై కాదు, తరతరాలుగా విన్న మాట మీద నమ్మకం ఎక్కువై అట్లా జరిగింది. మాటల అర్థాలు సరిచూసుకోవడం పండితుల కాలక్షేపం మాత్రమే కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఇక రెండవ మాట పథ్యం. నేడు పథ్యమంటే ఉప్పూకారం లేని చప్పిడి కూడు, వద్దన్న వస్తువుల జాబితా. దీని మూలం 'పథం', దారి. చరకుడు ఇచ్చిన నిర్వచనంలో రెండు భాగాలున్నాయి: శరీరమార్గానికి చెరుపు చేయనిది, మనసుకు ప్రియమైనది. రెండవది లేకపోతే అది పథ్యం కాదన్నమాట. చికిత్సాస్థానం ముప్పయ్యవ అధ్యాయంలో మరింత స్పష్టంగా ఉంది. ఎడతెగక పెట్టడం వల్లనో, రుచి లేకపోవడం వల్లనో పథ్యం మీద రోగికి ద్వేషం పుడితే, దానినే రకరకాలుగా వండి మళ్ళీ ఇష్టమయ్యేటట్లు చేయాలట. మూతి తిప్పుకునే బిడ్డ గురించి ఇంతకంటె దయగల శాస్త్రవాక్యం నేను చూడలేదు.

ఈ విషయంలో అమెరికా వైద్యురాలు క్లారా డేవిస్ ప్రయోగం తెలుసుకోదగినది. 1920లలో మొదలుపెట్టి, అప్పుడే పాలు మాన్పిన పదిహేనుమంది శిశువుల ముందు ముప్పైకి పైగా సహజాహారాలను మార్చి మార్చి ఉంచి, ఎవరూ బలవంతపెట్టకుండా, ఏది కోరితే అది తిననిచ్చింది. ఒక్కొక్కరిది ఒక్కొక్క వింత రుచి. అయినా అందరూ బాగానే పెరిగారు. జలుబు, జ్వరం వచ్చేముందు ఆకలి పడిపోవడం, కోలుకునేటప్పుడు కొన్ని పదార్థాలను అలవాటుకు మించి తినడం ఆమె గమనించింది. కిటుకంతా జాబితాలోనే ఉందని 1939లో ఆమే వివరించింది. అందులో చెడ్డ వస్తువు లేదు కనుక ఎంపిక పిల్లలకు వదలిపెట్టడం సాధ్యమైంది. ఏమి పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి, ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోవాలి.

ఇంట్లో దీనిని ఆచరించడం కష్టమేమీ కాదు. అవే బియ్యం ఒకపూట జావ, ఒకపూట పెసరకట్టుతో మెత్తని అన్నం, మరొకపూట పెరుగన్నం, ఇంకొకపూట ఇడ్లీ. అరటిపండు తినే బిడ్డకు అరటిపండు. విరేచనాలు ఎడతెగక సాగే పిల్లలకు ఉడికించిన పచ్చి అరటికాయ మేలు చేసిందని ఢాకా వైద్యులు 2001లో ప్రకటించారు కూడా. మా మనుమడికి ఇటువంటి జబ్బు చేసినప్పుడు చెంచాతో జావ పెట్టబోతే చేతితో తోసివేశాడు. గంట తరువాత నా కంచం దగ్గరకు వచ్చి పెరుగన్నంలో మెతుకులు తానే ఏరుకొని తిన్నాడు. అదీ సిక్థమే! ఎవరూ చూడనట్లు ఊరుకోవడమే మేము చేసిన వైద్యం.

నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు ఈ దారిలోనివే. విరేచనాలలోనూ తల్లిపాలు ఆపరాదు. తిండి ఆపరాదు. తగ్గిన తరువాత రెండు వారాలు రోజుకొక పూట అదనంగా పెట్టాలి. 2002లో ఓ.ఆర్.ఎస్. పొట్లంలో ఉప్పు, గ్లూకోజు పాళ్ళు తగ్గించారు. 2004లో, ఆరునెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు పది, పద్నాలుగు రోజులు ఇవ్వమన్నారు. పేరు చూసి మోసపోకుండా ఉండడమూ ముఖ్యమే. చక్కెర మితిమీరిన పానీయాలు డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలతో అమ్ముడుపోతుండగా, హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ఇక్కడా కథ ఒక మాట అర్థం గురించే. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా గంజిగిన్నె పట్టుకొని కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

లంఘనం అంటే తేలికపరచడం, పథ్యం అంటే దారి తప్పనిదీ మనసుకు నచ్చేదీ. ఈ రెండు అర్థాలూ నిలబెట్టుకుంటే సామెతను చెరిపివేయనక్కరలేదు. మీ మీ ప్రాంతాలలో జబ్బుపడి లేచిన పసివాళ్ళకు ఏ జావ కాచేవారో, దానిని ఏ పేరుతో పిలిచేవారో గుర్తున్నవారు తెలియజేస్తే సంతోషిస్తాను. ఆ పేర్లు చెప్పగల అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉండగానే వ్రాసిపెట్టుకోవడం మంచిది.