శ్వాసనాళ ధమనుల ఉబ్బు: శస్త్రచికిత్స చరిత్రలో తెలుగు ప్రాంతం

దగ్గులో రక్తం పడడాన్ని ఆయుర్వేదం ఊర్ధ్వగ రక్తపిత్తంగా గుర్తించింది. దానిని పిత్తదోషంగా చూసిందే తప్ప, ఫలానా రక్తనాళం పగిలిందని చూడలేదు. నాళాన్ని వెదికే చూపు శవపరీక్షలతో వచ్చింది. క్షయ పుండు గోడలో పుపుస ధమని ఉబ్బి పగలడాన్ని 1868లో డెన్మార్క్ వైద్యుడు రాస్ముసెన్ వర్ణించాడు. ఆ ఉబ్బు నేటికీ ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఈ కీర్తి ఒక రకంగా అసలు దోషిని మరుగుపరచింది. తీవ్ర రక్తస్రావాలలో దాదాపు 90 శాతానికి మూలం పుపుస ధమని కాదు, శ్వాసనాళ ధమనులు. గుండె పంపే రక్తంలో ఇవి మోసేది సుమారు 1 శాతమే. అయినా బృహద్ధమని నుంచి పుట్టినవి కాబట్టి దాని ఒత్తిడి అంతా వీటిలో ఉంటుంది. దీర్ఘకాలపు క్షయ వల్ల ఇవి లావెక్కి మెలికలు తిరుగుతాయి, అరుదుగా బుడగలా ఉబ్బుతాయి.

తెలుగు నేలపై క్షయ చికిత్సకు 1915లో మదనపల్లె వద్ద ఆరోగ్యవరం శానటోరియం వెలసింది. దాని తొలి అధిపతి ఫ్రిమొట్-మోలర్ కూడా డెన్మార్క్ దేశీయుడే కావడం యాదృచ్ఛికం. విశ్రాంతి, గాలి, పోషకాహారం నాటి వైద్యానికి ఆధారాలు. రొమ్ము తెరిచే శస్త్రచికిత్సకు దక్షిణాదిన గట్టి పునాది 1949లో వేలూరులో రీవ్ బెట్స్ ఆరంభించిన విభాగంతో పడింది. ధమనిని కట్టివేయడం, ఉబ్బును కోసి తీయడం, చెడిన ఊపిరితిత్తి భాగాన్ని తొలగించడం శస్త్రవైద్యుని మార్గాలు. రక్తం పారుతుండగా చేసే శస్త్రచికిత్సలో మరణాలు ఎక్కువ. రోగి రక్తం పోయి కాక, శ్వాసమార్గం రక్తంతో నిండి ఊపిరాడకనే సాధారణంగా చనిపోతాడు.

1970ల తొలి అర్ధంలో ఫ్రాన్స్‌లో రెమీ, రోగి తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి రక్తనాళాన్ని లోపలినుంచే మూసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కత్తి వెనక్కి తగ్గింది కానీ తొలగిపోలేదు. ఉబ్బు బృహద్ధమనికి మరీ చేరువగా ఉంటే గొట్టం నిలవడానికి చోటు చాలదు. వెన్నుపాముకు రక్తమిచ్చే కొమ్మ అదే ధమని నుంచి చీలితే, దానిని మూసినప్పుడు కాళ్లు చచ్చుబడే ప్రమాదముంది. అటువంటిచోట శస్త్రచికిత్స అవసరం మిగిలే ఉంది.

బీబీనగర్–నడికుడి రైలు మార్గంలోని రామన్నపేట 2016లో నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి మారింది. అదే జిల్లాలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ ఏర్పడింది. రక్తం కక్కుతున్న రోగిని అంతదాకా చేర్చేవారు అతనిని రక్తం వస్తున్న ఊపిరితిత్తి వైపే ఒత్తిగిలి పడుకోబెట్టాలి. రెండవ ఊపిరితిత్తి మునగకుండా ఉండేది అందువల్లనే.