ఒకే కారు, రెండు హైబ్రిడ్‌లు: గ్రాండ్ విటారా, హైరైడర్ కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

కారు కొన్న మూడో నెలలో మా ఖాలూగారు నాకు ఫోన్ చేశారు. "బేటా, షోరూంలో చెప్పిన మైలేజీలో సగం కూడా రావడం లేదు. బండిలో ఏదో ఖరాబీ ఉంది, ఎవరితో మాట్లాడాలి?" అన్నారు. ఇన్‌వాయిస్ ఫొటో పంపమన్నాను. చూస్తే బండిలో ఖరాబీ ఏమీ లేదు. ఆయన కొన్నది మైల్డ్ హైబ్రిడ్. సేల్స్ కుర్రాడు చెప్పిన మైలేజీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌ది. "హైబ్రిడ్ అనే కదా అన్నాడు!" అని ఆయన గొడవ. నిజమే, ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు, నిజం సగమే చెప్పాడు.

ఖాలూగారి బండి ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. కానీ ఈ తికమక ఎలా మొదలైందో తెలుసుకోవాలంటే 2022లో మన మార్కెట్లోకి వచ్చిన ఒక జంటను చూడాలి. మారుతి సుజుకి గ్రాండ్ విటారా, టయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్. పెట్రోలు కారుకు, కరెంటు కారుకు మధ్య ఉన్న దారులన్నీ ఒకే బండిలో పెట్టి అమ్మడం మన దగ్గర పెద్ద ఎత్తున మొదలైంది వీటితోనే.

రెండు బ్యాడ్జీలు, ఒకటే ఫ్యాక్టరీ

2022 జూలై 1న టయోటా హైరైడర్‌ను చూపించింది. అదే నెల 20న మారుతి గ్రాండ్ విటారాను చూపించింది. ముందు భాగం, లైట్లు, బ్యాడ్జీ వేరు. లోపలి ఇంజన్లు, గేర్‌బాక్సులు ఒకటే. రెండూ తయారయ్యేది బెంగళూరు పక్కన బిడదిలోని టయోటా ఫ్యాక్టరీలోనే. ఈ రెండు కంపెనీల దోస్తీ మనకు కొత్త కాదు, 2019లోనే బాలెనోకు టయోటా బ్యాడ్జీ పెట్టి గ్లాంజా అని అమ్మారు. కాకపోతే ఈసారి హైబ్రిడ్ పరిజ్ఞానం టయోటాది, చిన్న ఇంజను సుజుకిది.

గ్రాండ్ విటారా పొడవు 4,345 మిల్లీమీటర్లు. కంపెనీలు కాంపాక్ట్ ఎస్‌యూవీ అనే అంటాయి గానీ, పన్ను లెక్కలో 4 మీటర్ల గీత దాటితే పెద్ద కారు కిందే వస్తుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

2022 సెప్టెంబరు 26న గ్రాండ్ విటారా ధరలు ప్రకటించారు. ఎక్స్ షోరూం 10.45 లక్షల నుంచి 19.65 లక్షల వరకు. ఒకే పేరున్న కారు కింది మోడల్‌కి, పై మోడల్‌కి మధ్య 9 లక్షలకు పైగా తేడా ఉందంటే లోపల ఉన్నది వేరే బండి అని అప్పుడే అర్థం చేసుకోవాలి. అందరి చూపూ సన్‌రూఫ్ మీదకు పోయింది.

మైల్డ్ అంటే సాయం మాత్రమే

తక్కువ ధర మోడళ్లలో ఉండేది సుజుకి 1,462 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. 103 పీఎస్ పవర్. దీనికి బెల్టుతో ఒక చిన్న మోటారు, జనరేటరు కలిపి ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది, క్లచ్ తొక్కగానే చప్పుడు లేకుండా స్టార్ట్ అవుతుంది. బ్రేకు వేసినప్పుడు కొంచెం కరెంటు దాచుకుని, పికప్ కావాల్సినప్పుడు ఇంజనుకు కాస్త చెయ్యి అందిస్తుంది. అంతే. ఈ మోటారు ఒంటరిగా చక్రాన్ని ఒక్క అడుగు కూడా కదపలేదు. మారుతి దీన్ని స్మార్ట్ హైబ్రిడ్ అంటుంది. మాన్యువల్‌కి లీటరుకు 21.11 కిలోమీటర్లు, ఆటోమేటిక్‌కి 20.58 అని సర్టిఫికెట్.

ఈ పేరుకి కథ ఉంది. 2015లో సియాజ్ డీజిల్‌లో మారుతి ఇలాంటి మైల్డ్ సిస్టమే తెచ్చింది. ఫేమ్ పథకం కింద కేంద్రం దానికి సబ్సిడీ కూడా ఇచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి మైల్డ్ హైబ్రిడ్‌లను ఆ పథకంలోంచి తీసేశారు. సబ్సిడీ పోయింది, పేరు మాత్రం మిగిలింది.

స్ట్రాంగ్ అంటే కరెంటు మోటారు నిజంగా లాగేది

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజనే వేరు. టయోటా 1,490 సీసీ, మూడు సిలిండర్లు, 92 పీఎస్. దాంతో పాటు 80 పీఎస్ కరెంటు మోటారు. రెండూ కలిస్తే 116 పీఎస్ దగ్గర. 92కి 80 కలిపితే 172 కావాలి కదా అని అడుగుతారు. రెండూ ఒకేసారి పూర్తి బలంతో పనిచేయవు, మోటారుకు వచ్చే కరెంటు బ్యాటరీ ఇవ్వగలిగినంతే.

ఆ బ్యాటరీ కూడా చిన్నదే, 0.76 కిలోవాట్ అవర్లు. పోలిక కోసం చెప్తున్నాను, సుజుకి పూర్తి ఎలక్ట్రిక్ కారు ఈ విటారాలో 49, 61 కిలోవాట్ అవర్ల బ్యాటరీలు పెట్టారు. మరి ఇంత చిన్న బ్యాటరీతో అంత మైలేజీ ఎలా? చిన్నది కాబట్టే క్షణక్షణం నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటుంది. మెహిదీపట్నం నుంచి హైటెక్ సిటీకి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరారనుకోండి. టోలిచౌకి దగ్గర బండ్లు నత్తనడక నడుస్తుంటాయి. మామూలు పెట్రోలు కారు అక్కడ నిలబడే పెట్రోలు తాగుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజను ఆగిపోయి ఉంటుంది, మోటారు మెల్లగా లాగుతుంది. ముందు బండి ఆగితే మీరు బ్రేకు వేస్తారు, మోటారే జనరేటరుగా మారి ఆ వేగాన్ని కరెంటుగా దాచేస్తుంది. మామూలు కారులో అదంతా బ్రేకు ప్యాడ్ల వేడిగా పోయేది. బ్యాటరీ తగ్గిపోతే ఇంజను స్టార్ట్ అయి, అది సుఖంగా తిరిగే వేగంలో తిరుగుతూ నింపుతుంది. ప్లగ్గు లేదు, చార్జింగ్ పాయింటు వెతుక్కునే పని లేదు. గేర్లు మార్చే పనీ లేదు, ఇది ఆటోమేటిక్‌గా మాత్రమే వస్తుంది.

సర్టిఫికెట్ మైలేజీ లీటరుకు 27.97. ఇది ల్యాబులో రోలర్ల మీద నడిపి తీసిన అంకె, మన ఎండలో ఏసీ వేసి, ఐదుగురిని ఎక్కించుకుని నడిపినది కాదు. అది అన్ని కార్లకూ వర్తించే మాటే. అసలు గమనించాల్సింది ఇంకోటి. విజయవాడ హైవే మీద ఒకే వేగంతో పోతుంటే బ్రేకు వేసే పని తక్కువ, దాచుకునే కరెంటు తక్కువ, ఎక్కువసేపు ఇంజనే లాగాలి. అక్కడ మైల్డ్‌కి, స్ట్రాంగ్‌కి తేడా తగ్గిపోతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ డబ్బు మిగిల్చేది ట్రాఫిక్‌లో. మామూలు కార్ల విషయంలో మనకున్న "హైవే మీద మైలేజీ బాగా వస్తుంది" అనే లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

ఇప్పుడు డబ్బుల లెక్క

బీకాం చదివిన పాపానికి ఇంట్లో ఎవరు బండి కొన్నా ఈ లెక్క నాకే వస్తుంది. విడుదలనాటి ధరలతో చూద్దాం. గ్రాండ్ విటారా జీటా ఆటోమేటిక్ 15.39 లక్షలు. స్ట్రాంగ్ హైబ్రిడ్ జీటా ప్లస్ 17.99 లక్షలు. తేడా 2.60 లక్షలు. తెలంగాణలో 10 నుంచి 20 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ అప్పట్లో 17 శాతం ఉండేది, కాబట్టి తేడా మీద కూడా పన్ను కట్టాల్సి వచ్చేది. మొత్తం 3.04 లక్షలు. ప్లస్‌లో ఇంకొన్ని సదుపాయాలు కూడా ఉన్నాయి, వాటి విలువ మీకు ఎంతో మీరే వేసుకోండి.

సర్టిఫికెట్ అంకెలే నమ్మితే, ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి మిగిలేది 193 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున 20,600. పెట్టిన 3 లక్షలు తిరిగి రావడానికి దాదాపు 15 ఏళ్లు! ఇది చూసి స్ట్రాంగ్ హైబ్రిడ్ దండగ అని తేల్చేయకండి. పూర్తిగా సిటీలోనే తిరిగితే మైల్డ్ ఆటోమేటిక్ 12, స్ట్రాంగ్ 21 ఇచ్చాయని అనుకుందాం. అప్పుడు అదే 15,000 కిలోమీటర్లకు 536 లీటర్లు మిగులుతాయి, అంటే 57,000 రూపాయలకు పైనే. ఐదేళ్లు దాటగానే డబ్బు తిరిగొస్తుంది. నెలకు 500 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఇంటికి? అదే సిటీలో కూడా 13 ఏళ్లు.

ఇక్కడ టయోటా ఒక తమాషా చేసింది. హైరైడర్‌లో కింది ఎస్ మోడల్‌కే స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇచ్చి 2022 సెప్టెంబరు 9న 15.11 లక్షలు అని ప్రకటించింది. అదే ఎస్ మైల్డ్ ఆటోమేటిక్ 13.48 లక్షలు. తేడా 1.63 లక్షలు, ట్యాక్స్‌తో 1.91 లక్షలు. అదే ఫ్యాక్టరీ, అదే ఇంజను. సిటీలో ఏడాదికి 15,000 తిరిగితే మూడేళ్లు దాటిన కొద్ది నెలలకే ఆ డబ్బు వచ్చేస్తుంది. మారుతి కింది మోడల్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇచ్చింది 2025 ఏప్రిల్‌లో, డెల్టా ప్లస్ పేరుతో, 16.99 లక్షలకు. అంతవరకు హైబ్రిడ్ కావాలంటే పై మోడల్ సోకులన్నీ కలిపి కొనాల్సి వచ్చింది.

ధరలు అప్పటివి, ఇప్పుడు మారాయి. కొనేటప్పుడు ఆ రోజు కొటేషన్‌తో ఇదే లెక్క మళ్లీ వేసుకోండి. వడ్డీ లోన్ జోలికి పోకుండా నగదు కూడబెట్టి కొనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి, వాళ్లకు ఈ తేడా ఒక్కసారిగా చేతిలోంచి పోయే డబ్బు. లోన్ తీసుకునేవాళ్లు ఆ తేడా మీద వడ్డీ కూడా కలుపుకోవాలి, తిరిగొచ్చే రోజు ఇంకా వెనక్కి జరుగుతుంది.

పన్నులో హైబ్రిడ్‌కి ఉన్న కాస్త లాభం కూడా పోయింది

విడుదలైనప్పుడు మైల్డ్ మోడళ్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 45 శాతం, స్ట్రాంగ్ మీద 43 శాతం. రెండు శాతం నయం. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త స్లాబులు వచ్చాయి. పొడవు 4 మీటర్లలోపు, పెట్రోలు ఇంజను 1200 సీసీలోపు ఉంటే 18 శాతం, అది దాటితే 40 శాతం. హైబ్రిడ్ అయినా కాకపోయినా అంతే. కాబట్టి ఈ కార్లలో రెండు రకాలకీ ఒకటే 40. పూర్తి ఎలక్ట్రిక్ కారుకు ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే.

రోడ్ ట్యాక్స్ రాష్ట్రాల ఇష్టం. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ ట్యాక్స్ మాఫీ చేసింది. తెలంగాణ 2024 నవంబరులో ఇచ్చిన మాఫీ ఎలక్ట్రిక్ బండ్లకు, 2026 డిసెంబరు 31 వరకు. హైబ్రిడ్‌కి అది రాదు. "హైబ్రిడ్ కూడా ఎలక్ట్రికే కదా సార్, ట్యాక్స్ ఉండదు" అని ఎవరైనా అంటే కాగితం మీద రాసిమ్మనండి.

సీఎన్‌జీ రకం 2023 జనవరిలో వచ్చింది, కిలోకు 26.6 కిలోమీటర్లు అని సర్టిఫికెట్. మీ దారిలో బంకు ఉంటే, క్యూలో నిలబడే ఓపిక ఉంటే చవకైన దారి అదే. డిక్కీ మాత్రం సిలిండరుకే సరిపోతుంది.

డిక్కీ అంటే గుర్తొచ్చింది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనకే ఉంటుంది, దాంతో సామాను చోటు మైల్డ్ కంటే బాగా తగ్గుతుంది. ఉమ్రాకి వెళ్లేవాళ్లను శంషాబాద్‌లో దించే అలవాటున్న ఇళ్లు షోరూంకే ఒక పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూసుకోవడం మంచిది. నవ్వుతారని మొహమాటపడొద్దు. బ్యాటరీ పోతే ఎలా అనే భయం చాలామందికి ఉంది. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ గడువు ఎంత మిగిలిందో ముందు చూడాలి.

బుకింగ్ ఫారంలో 'హైబ్రిడ్' అనే మాట కోసం చూడకండి, వేరియంట్ పేరు చూడండి. గ్రాండ్ విటారాలో డెల్టా, జీటా, ఆల్ఫా తర్వాత ప్లస్ ఉంటే స్ట్రాంగ్, లేకపోతే మైల్డ్ లేదా సీఎన్‌జీ. ఇంజను 1,490 సీసీ అని ఉంటే స్ట్రాంగ్, 1,462 అయితే కాదు. ఆర్సీలో కూడా ఈ సీసీ ఉంటుంది కాబట్టి పాత బండికీ ఇదే పద్ధతి. టెస్ట్ డ్రైవ్‌లో ఇచ్చిన బండి, మీరు బుక్ చేస్తున్న బండి ఒకటేనా అని కూడా అడగండి.

ఇంతకీ ఖాలూగారు తిరిగేది నెలకు 400 కిలోమీటర్లు. మసీదు, మార్కెట్, నెలకోసారి కూతురింటికి. ఆయన స్ట్రాంగ్ కొని ఉన్నా ఆ డబ్బు ఇప్పట్లో తిరిగొచ్చేది కాదని లెక్క వేసి చూపించాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. షోరూం కుర్రాడి మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.