వలయం

సారపాక సెంటర్లో గాజుల బండి దగ్గర, డిగ్రీ లెక్కల పుస్తకం చంకన పెట్టుకున్న అమ్మాయి అడిగింది: "వలయమంటే గాజే కదా సార్, మా వలయంలో గుండ్రం ఎక్కడుంది?"

సంస్కృతంలో వలయమంటే కడియం, గాజు. బీజగణితంలో అది ‘రింగ్’కు తెలుగు: కూడినా, తీసివేసినా, హెచ్చవేసినా బయటికి పోని సంఖ్యల వంటి వాటి సమూహం. మూలం జర్మన్, 1897 నాటి నివేదికలో గణితవేత్త హిల్బర్ట్ ‘త్సాల్‌రింగ్’ అని రాశాడు. ఘాతాలు పోయిపోయి వెనక్కి తిరిగొస్తాయి కాబట్టే ఆ పేరని చాలామంది చెబుతారు.

ఉదాహరణకు, పూర్ణాంకాలకు √2 చేర్చండి. దాని వర్గం 2, మళ్ళీ పూర్ణాంకమే. ఎంత హెచ్చవేసినా 1, √2 ఉంటే చాలు, మిగతావన్నీ వాటికి పూర్ణాంకాల గుణిజాలు కూడితే వచ్చేస్తాయి. ఇది పరిమిత విస్తరణ.

బదులుగా 1/2 చేర్చండి. 1/4, 1/8, 1/16... పోవడమే గానీ రావడం లేదు. చేర్చింది ఒక్క సంఖ్యే, అయినా అలా కూడుకోవడానికి ఏ పదో, వెయ్యో సంఖ్యలూ చాలవు. వాటి హారాలన్నిటినీ మించిన హారం ఒకటి మిగిలే ఉంటుంది.

ఇక్కడ గాజు మూసుకోలేదు. అయినా నేటి నిర్వచనం ప్రకారం అదీ వలయమే. అమ్మాయి నవ్వి, డజను గాజులు బేరమాడింది.